ఆమెకు టైపు రాదు

మా యజమానిని మూడుసార్లు అడిగాను. మొదటిసారి నంద్యాలలో, సమాధుల తోట గేటు దగ్గర, నోటితో. రెండోసారి ఆళ్లగడ్డ ఆఫీసులో, కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుని. మూడోసారి కాగితం మీద రాసి రిజిస్టరు పోస్టులో పంపాను. అందుకున్నట్టు సంతకం పెట్టారు. జవాబు మాత్రం ఇవ్వలేదు. అడిగిన మాటకు జవాబు రాకపోతే ఊరుకునే గుణం నాకు చిన్నప్పటి నుంచీ లేదు. అందుకని ఇప్పుడు పదిమంది చదివే చోట రాస్తున్నాను.

సంగతి ఇది. రాతి విగ్రహాలు చెక్కి దేశవిదేశాల గుళ్లకు పంపే ఒక శిల్పశాలలో నేను గుమాస్తాను. అక్కడ కస్టమర్లకు ఇంగ్లీషులో జాబులు రాసిన టీచరమ్మ ఈ మధ్య చనిపోయింది. మట్టి ఇచ్చే రోజు మా యజమాని పెద్ద పూలదండతో వచ్చాడు. పాస్టరుగారు ఆయన్ని పక్కకు పిలిచి, ఆమె మీ దగ్గర ఏం పని చేసేదని అడిగారు. నేను పక్కనే ఉన్నాను.

"ఆఫీసులో టైపు చేసేది సార్, పాపం. మంచి మనిషి" అన్నాడు.

టైపు చేసేది!

ఆమెకు టైపు రాదు. టైపు చేసింది నేను. ఆమె రాసిన జాబు ఒకటి అద్దం కట్టించి మా ఆఫీసు గోడకు తగిలించారు. వచ్చినవాళ్లందరూ దాన్ని మా యజమాని రాశాడని అనుకుంటారు. ఆయన కాదనడు. నేను మూడుసార్లు అడిగింది ఆ ఒక్క ముక్క గురించే.

టీచరమ్మ సొంతూరు గడివేముల దగ్గర. నంద్యాల మిషన్ స్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాక మా దగ్గరికి వచ్చింది. నంద్యాలలో పొద్దున బస్సెక్కి ఆళ్లగడ్డలో దిగేది. ఎప్పుడూ డ్రైవరు వెనక సీటు. ఒళ్లో గొడుగు, గుడ్డసంచి. కళ్లు మూసుకుని పెదవులు కదిలిస్తూ ఉండేది. ఆ రూటులో చాలాకాలం చేసిన కండక్టరు ఒకరోజు నాతో అన్నాడు: "మీ టీచరమ్మది ఏం భక్తప్పా! సిరివెళ్ల దాటేదాకా ప్రార్థన చేస్తానే ఉంటాది." ప్రార్థన కాదు. ఆరోజు రాయాల్సిన జాబులు. బస్సు దిగేసరికి ఒకటో రెండో పూర్తయి ఉండేవి. ఆఫీసుకు రాగానే సంచిలోంచి పాత పరీక్ష పేపర్లు తీసి, వెనకవైపు తెల్లగా ఉన్నచోట కలంతో రాసేది. ఒకవైపు ఎనిమిదో తరగతి వాళ్లు పూరించాల్సిన ఖాళీలు, ఇంకోవైపు ఏ మలేషియా గుడికో పోవాల్సిన సుబ్రహ్మణ్యస్వామి నెమలి సంగతి. అది చూసి నేను కంప్యూటరులో కొట్టేవాణ్ని.

ఆమె రాకముందు ఇంగ్లీషు జాబులు నేనే రాసేవాణ్ని. ఇది కూడా ఎవరూ గుర్తు పెట్టుకోలేదు, సరే. మొదటిరోజు ఆమె నా ఫైలు అడిగి తీసుకుంది. పైనున్న జాబు చదివింది. అది నేను ఒక పూటంతా కూర్చుని రాసింది. "విత్ రిఫరెన్స్ టు ద ఎబవ్ సబ్జెక్ట్" అని మొదలుపెట్టి, "కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్" అని ముగించాను. ఎక్కడా ఒక్క కొట్టివేత లేదు.

"ఏమప్పా, ఈ విగ్రహం అయిందా, కాలేదా?"

"ఇంకా కాలేదు టీచరమ్మా."

"ఆ ముక్క యాడుంది దీంట్లో?"

వెతికాను. మూడు పేరాల్లో ఎక్కడా లేదు.

"ఆయప్ప సముద్రాల కవతల కూచోని దేనికోసరం ఎదురుచూస్తాండాడు? నీ రిఫరెన్సు కోసరమా?" అని సంచిలోంచి ఎర్ర పెన్ను తీసింది. నాకప్పటికే పెళ్లయి ఇద్దరు పిల్లలు. ఆ ఎర్ర గీతలన్నీ చూసి చెవులు మండిపోయాయి. ఆ కాగితం నేను పారేయలేదు. ఆ తర్వాత ఆమె దిద్దినవీ, రాసినవీ ఒక్కటి కూడా పారేయలేదు. ఎప్పుడో ఒకరోజు ఎవరికైనా చూపించి, ఇదిగో నన్ను ఇట్లా అవమానించింది అని చెప్పాలని దాచాను.

అవమానాలు ఇంకా ఉన్నాయి. ఒకసారి యజమాని ముందర, "ఇతను చూసి రాయడంలో దిట్ట" అంది. అది పొగడ్తని ఆయన నవ్వాడు. నాకు తెలుసు అదేమిటో. ఒక క్రిస్మస్‌కు షెడ్డులో విగ్రహాలు చెక్కే ఆచారులందరికీ కేకు పంచింది. నా దగ్గరికి వచ్చేసరికి డబ్బా ఖాళీ. "నీకు రేపు తెస్తాలేప్పా" అంది. తేలేదు. మరుసటి క్రిస్మస్‌కు నాకే మొదట ఇచ్చింది కానీ, అది ఆ ఏటి కేకు. పాతది పాతదే.

ఇన్ని గుర్తున్నవాణ్ని చెబుతున్నాను, నమ్మండి: అంత బాగా జాబు రాసే మనిషిని నేను మళ్లీ చూడలేదు.

ఆమె రాకముందు మా పద్ధతి ఒకటే. కస్టమరు ఫోను చేసి విగ్రహం ఎంతవరకు వచ్చిందని అడిగితే, "అయిపోయినట్టేనండీ" అనడం. రాయి ఇంకా దిమ్మగా పడి ఉన్నా అదే మాట. ఇందులో మోసం అనే ఆలోచన ఎవరికీ లేదు. దేవుడి పని జరుగుతున్న చోట చెడ్డమాట నోట రాకూడదని అలవాటు. ఉలి జారిందనీ, వేలు విరిగిందనీ ఎవరూ పైకి అనరు. ఆ "అయిపోయినట్టే" నమ్మి అక్కడివాళ్లు ముహూర్తం పెట్టుకునేవాళ్లు, పత్రికలు కొట్టించుకునేవాళ్లు. తర్వాత తిట్లు తినడానికి నేనున్నాను.

టీచరమ్మ శనివారం పద్ధతి పెట్టింది. ప్రతి శనివారం ప్రతి కస్టమరుకూ ఒక జాబు. ముందు ఆ వారం ఏం జరిగిందో రాయాలి. దానివల్ల వాళ్లకేమవుతుందో తర్వాత. మనమేం చేయబోతున్నామో ఆ తర్వాత. ఏమీ జరగకపోతే ఏమీ జరగలేదని రాయాలి. "ఏమీ లేనిదానికి జాబెందుకు టీచరమ్మా?" అని అడిగాను. "ఏమీ లేదని తెలిస్తే ఆయప్ప నిద్రపోతాడు కదప్పా" అంది.

రాసేముందు ప్రతి విగ్రహం దగ్గరికీ పోయేది. చీర కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, ఆ దుమ్ములో వంగి, మునివేళ్లతో రాతిని తడిమి చూసేది. కంటితో చూడనిది రాసేది కాదు. రాసిన తర్వాత అసలు పని ఉండేది. అది నేనెక్కడా వినలేదు, ఎక్కడా చూడలేదు. జాబు పంపేముందు షెడ్డుకు పోయి, ఆ విగ్రహం చెక్కుతున్న ఆచారి ముందు నిలబడి, ఇంగ్లీషులో రాసింది తెలుగులో చదివి వినిపించేది. "నీ పని గురించి రాసినా. నీకు తెలియకపోతే ఎట్ల?" అనేది. గ్రైండర్లన్నీ ఆపేసేవాళ్లు. శనివారం మధ్యాహ్నం అంతసేపు మా షెడ్డులో ఉలి చప్పుడు కూడా ఉండేది కాదు.

"చేతివేళ్లు పూర్తయినవి" అని చదివేది.

"అయిపోయినాయని రాయొద్దమ్మా, గోళ్లు కాలేదింకా" అని ఒక ఆచారి అరిచేవాడు.

"గోళ్లకెన్ని దినాలు?"

"రెండు."

"మొన్న కూడా రెండే అంటివి కదా?"

అందరూ నవ్వేవాళ్లు. "మూడు రాసుకో తల్లీ" అనేవాడు. ఆమె అక్కడే ఒక రాతి మీద కూర్చుని మోకాలి మీద కాగితం పెట్టుకుని దిద్దేది. ఇంగ్లీషు ముక్క రానివాళ్లు దిద్దిన ఇంగ్లీషు జాబులు అవి. అందుకే అన్ని దేశాల్లో నిలబడ్డాయి.

ఒకసారి కర్ణాటక నుంచి ఒక గుడి ధర్మకర్త విగ్రహం చూసుకోవడానికి వచ్చాడు. ఆమె మెడలో శిలువ చూశాడు. "మీరు క్రైస్తవులు కదమ్మా, మా దేవుళ్ల గురించి ఎట్ల రాస్తారు?" అన్నాడు. అందరం బిగుసుకుపోయాం. ఆమె మాత్రం కళ్లద్దాలు తుడుచుకుంటూ, "మీ దేవుడి గురించి నేనేం రాస్తానయ్యా? మీ విగ్రహం గురించి రాస్తాండా. కిరీటం పెచ్చు లేస్తే లేసిందని రాస్తా. మా చర్చి గంట పగిలినా అట్లనే రాస్తా" అంది. ఆయన ఆ పూట మా ఆచారులతో కూర్చుని ఉగ్గాని తిని, పోతూ పోతూ ఆమెకు నమస్కారం పెట్టాడు. యజమానికి పెట్టడం మరిచిపోయాడు.

ఇక గోడ మీదున్న జాబు సంగతి.

కెనడాలో ఒక గుడికి ఆరడుగుల వెంకటేశ్వరస్వామి. దాన్ని మా పెద్దాచారి తానే చెక్కాడు. కన్ను చెక్కడం ఒక్కటే మిగిలింది. ఒక పొద్దున పెద్దాచారి అలవాటుగా సుత్తితో విగ్రహం చుట్టూ తట్టుకుంటూ వచ్చాడు. మంచి రాయి ఖంగుమంటుంది. ఎడమ భుజం దగ్గర బొద్దుమంది. నీళ్లు పోసి చూస్తే వెంట్రుకంత నెర్రె. రాతిలోనే ఉన్నది, చెక్కడంలో వచ్చింది కాదు. పెద్దాచారి సుత్తి కింద పెట్టి బయటికి పోయి కూర్చున్నాడు.

యజమాని వచ్చి చూశాడు. "దీనికింత రాద్ధాంతమేందీ? రాతిపొడి లప్పం పెట్టి నూనె పూస్తే బ్రహ్మకు కూడా కనపడదు. విగ్రహం సిద్ధమైందని బేగా జాబు రాయండి" అన్నాడు.

"సిద్ధం కాలేదు కదా, ఎట్ల రాసేది?" అంది టీచరమ్మ.

"మీరు రాయకపోతే ఆఫీసులో ఇంగ్లీషొచ్చినోళ్లు లేరా?" అని నా వైపు చూశాడు.

ఇక్కడ నా గురించి కూడా చెప్పాలి. దాచుకుంటే ఇతరుల్ని అడిగే హక్కు నాకుండదు. ఆయన అట్లా చూడగానే నా గుండె ఉప్పొంగింది. ఏడేళ్ల తర్వాత జాబు మళ్లీ నా చేతికొచ్చింది. కూర్చుని రాశాను. నా పాత మాటలన్నీ ఒక్కటి విడవకుండా పెట్టాను. స్వామివారి విగ్రహం సర్వాంగ సుందరంగా సిద్ధమైందని ఇంగ్లీషులో ఎంత గొప్పగా చెప్పవచ్చో అంత గొప్పగా చెప్పాను. తీసుకుపోయి కావాలనే ఆమె ముందు పెట్టాను.

ఆమె మొత్తం చదివింది. ఎర్ర పెన్నుతో రెండుచోట్ల మాత్రం దిద్దింది. నా ముఖం చూసి, "ఇంగ్లీషు బాగుందప్పా" అంది. మా దగ్గర పనిచేసిన పదకొండేళ్లలో ఆమె ఆ మాట అన్నది అదొక్కసారే. తర్వాత కాగితం నా చేతికిచ్చి, "పో, షెడ్డులో చదివి రా" అంది.

అంతే. తిట్టలేదు, నీతులు చెప్పలేదు.

పోయాను. ఏం, ఎందుకు పోకూడదు అనుకుంటూనే పోయాను. నన్ను చూసి గ్రైండర్లు ఒక్కొక్కటీ ఆపేశారు. పెద్దాచారి లోపలికొచ్చి ఆ విగ్రహం పక్కనే నిలబడ్డాడు. కనురెప్పల మీద రాతిపొడి.

"టీచరమ్మ రాలేదా?"

"ఈ జాబు నేను రాసినా."

"సరే, చదువప్పా."

"అయ్యా, మీరు ఆర్డరిచ్చిన విగ్రహం..." అని ఆగాను. మళ్లీ మొదలుపెట్టాను. "మీరు ఆర్డరిచ్చిన విగ్రహం..."

"ఏ విగ్రహమన్నా? ఇదేనా, వేరే ఏదన్నా ఉండాదా?" అన్నాడు వెనక నుంచి ఒకడు. ఎవరూ నవ్వలేదు.

పెద్దాచారి విగ్రహం భుజం మీద అరచెయ్యి పెట్టాడు. "ఇది నా చేతికి తెలుసు. నీ నోటికి తెలీదా అప్పా?" అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నేను చదివేసేవాణ్ని.

నేను తిరిగొచ్చేసరికి టీచరమ్మ అప్పటికే ఒక పరీక్ష పేపరు వెనక రాస్తోంది. తలెత్తి ఏమైందని కూడా అడగలేదు. రాసింది నాలుగు వాక్యాలు, చివర ఒక క్షమాపణ. మీ విగ్రహం ఎడమ భుజంలో నెర్రె కనబడింది. నెర్రె ఉన్న విగ్రహాన్ని మేము మీకు పంపము. కొత్త రాతి మీద మొదలుపెడితే ఐదు నెలలు పడుతుంది, కాబట్టి మీ ముహూర్తానికి అందదు. ఆగుతారో, వేరేచోట చూసుకుంటారో మీరు రాసేదాకా కొత్త రాయిని ముట్టుకోము. మన్నించండి.

"మన్నించండి అని ముందు రాయాల కదా టీచరమ్మా, మర్యాదగా ఉంటాది" అన్నాను, నా పరువు కొంచెమైనా దక్కుతుందేమోనని.

"ముందు రాస్తే ఏం తప్పు చేసినామో తెలీకుండానే మన్నించల్ల ఆయప్ప. ముందు తెలియనీ."

యజమాని గదికి పోయి ఆయనకు కూడా తెలుగులో చదివి వినిపించింది. వెనకాలే పెద్దాచారి దుమ్ము కాళ్లతోనే ఆ నున్నటి టైల్సు మీద నడిచొచ్చి నిలబడ్డాడు. ఎప్పుడూ ఆ గదిలోకి రాని మనిషి.

"ఇది పంపితే ఆర్డరు పోతాది టీచరమ్మా" అన్నాడు యజమాని.

"పోవచ్చు."

"లప్పం పెడదామంటే నీకేం నొప్పి ఆచారీ?"

"పెట్టుకోండి. కన్ను మటుకు నేను చెక్కను" అన్నాడు పెద్దాచారి.

కన్ను లేని విగ్రహాన్ని ఎవరు తీసుకుంటారు? యజమాని చేతులు విదిలించి, "మీరూ మీరూ ఒకటైనారు. ఏమన్నా చేసుకోండి" అన్నాడు. నేను టైపు చేశాను. పంపింది కూడా నేనే.

ఆర్డరు పోయింది. కెనడా వాళ్లు గట్టిగానే రాసి రద్దు చేసుకున్నారు. యజమాని నెలరోజులు ఆమెతో మాట్లాడలేదు. ఏదైనా చెప్పాల్సి వస్తే పక్కనే ఉన్న నాతో, "టీచరమ్మకు చెప్పు" అనేవాడు. ఆమె శనివారం జాబులు శనివారం రాస్తూనే ఉంది. రెండేళ్లకు ఆస్ట్రేలియా నుంచి ఒక పెద్ద ఆర్డరు వచ్చింది, గుడి మొత్తానికి విగ్రహాలు. దాంతోపాటు మా పాత జాబు. కెనడా వాళ్ల నుంచి చేతులు మారి వాళ్లకు చేరిందట. ఇట్లాంటి జాబు రాసినవాళ్ల దగ్గరే మా దేవుళ్లను చెక్కించుకుంటామని రాశారు. యజమాని ఆ జాబుకు అద్దం కట్టించాడు. ఆరోజు ఆఫీసులో మైసూరుపాకు పంచారు. టీచరమ్మ ఒక ముక్క తిని, చెయ్యి కడుక్కుని, షెడ్డుకు పోయింది. ఆరోజు శనివారం.

ఆమె మంచం పట్టాక ఒకసారి నంద్యాల పోయి చూసొచ్చాను. మనిషి సగమైంది. "జాబులు పోతాండాయా?" అని అడిగింది. ఇప్పుడు కంప్యూటరే రాస్తోందని, యజమాని ఫోనులో ఏదో పెట్టించుకున్నాడని, నాలుగు మాటలు చెబితే జాబంతా అదే రాసేస్తుందని చెప్పాను. ఇంగ్లీషులో ఒక్క తప్పు కూడా ఉండటం లేదని కూడా చెప్పాను. నిజం నిజమే కదా.

"షెడ్డుకు పోయి చూస్తాందా అది?" అంది.

నాకు జవాబు లేని ప్రశ్న వేసి పోయింది చూడండి, అది కూడా లెక్కలో రాసుకున్నాను.

కొందరు నాతో వాదిస్తున్నారు. జాబుల కింద యజమాని పేరు పెట్టింది టీచరమ్మే కదా, ఆమెకే లేని పట్టింపు నీకెందుకు అంటున్నారు. నిజమే, ఆమే పెట్టింది. ఒకసారి నేనే అడిగాను, మీరు రాసినదానికి ఆయన పేరెందుకని. "కింద పేరు రాసినోళ్లది కాదప్పా. రేపు ఏమన్నా అయితే జవాబు చెప్పాల్సినోళ్లది" అంది. సరే, ఆ లెక్కన జవాబు చెప్పాల్సింది ఎవరో తేలిపోయింది కదా.

ఆమె పేరు నేనిక్కడ రాయలేదు. నాకు తెలియక కాదు. ఆ పేరు మొదట రావలసిన చోటు మా ఆఫీసు గోడ మీద, ఆ అద్దం కింద. అక్కడ వచ్చిన తర్వాతే నేనెక్కడైనా రాస్తాను. రుజువు కావాలంటే ఆమె చేతిరాత నా దగ్గరుంది. పరీక్ష పేపరు వెనక, నాలుగు వాక్యాలూ ఒక క్షమాపణా, ఒక్క కొట్టివేత లేకుండా. అవమానాల కింద దాచిన కట్టలోనే ఉంది. ఇప్పుడు ఆ కట్ట విప్పితే, అవమానాలన్నీ ఎక్కడికి పోయాయో నాకే కనపడటం లేదు. ఇంత మంచి రాత మన ఆళ్లగడ్డలో, మన రాతిదుమ్ములో పుట్టిందని చదివిన ప్రతిసారీ ఛాతీ నిండుతోంది.

అబద్ధపు జాబు రాసింది నేనేనని పదిమంది ముందు ఒప్పుకున్నాను. నాకు సిగ్గు వేయలేదు. ఇప్పుడు మీ వంతు, అయ్యా. గోడ మీదున్న ఆ జాబు ఎవరు రాశారు? ఇంగ్లీషులో అక్కర్లేదు, ఫోను చేత రాయించక్కర్లేదు. తెలుగులో, మీ చేత్తో, ఒక్క వాక్యం రాసి పంపండి. నేను టైపు చేసుకుంటాను.